పావురాలను రోజంతా వదిలేయడమా, గూట్లో ఉంచి వేళకు ఎగరేయడమా?

మేడమీదిగూడు (మల్కాజిగిరి)

మా మేడ మీద 12 పావురాలున్నాయి. నాలుగు హోమర్లు (దూరం నుంచి గూటికి తిరిగొచ్చే రకం), ఆరు గిరేబాజ్‌లు (ఎత్తులో ఎగిరే రకం), ఒక జత లక్కా (విసనకర్ర తోక రకం). హోమర్లు నెల కిందట ముర్గీ చౌక్ పక్షుల మార్కెట్‌లో కొన్నవి. రెండేళ్లు పైబడ్డ పక్షులు, రెక్క ఈకలు కత్తిరించి ఇచ్చారు. గిరేబాజ్‌ల్లో రెండు మా గూట్లోనే పుట్టాయి, ఇవాళ్టికి 30 రోజులు. గూడు 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు. చుట్టూ కోళ్లకు కట్టే జాలీ, పైన ఇనుప రేకు.

ఇంట్లో పెద్దవాళ్లేమో "రెక్కలున్నదాన్ని కట్టిపడేయడం పాపం, పొద్దున్నే తలుపు తీసెయ్, పొద్దుగూకితే అవే వస్తాయి" అంటున్నారు. అమ్మినాయన "తలుపు తీశావా, ఒక్కటి మిగలదు" అన్నాడు. పక్కింట్లో సోలార్ పలకలున్నాయి. మా గింజల కోసం చేరే ఊరపావురాల రెట్ట వాటిమీద పడుతోందని వాళ్లు ఇప్పటికే ఒక మాట అన్నారు. వదలొచ్చా? వదిలితే ఎప్పుడు, ఎలా? వదలకూడదంటే ఈ గూడు సరిపోతుందా?

ఛత్రీ (పాతబస్తీ)

ఇద్దరి మాటా సగం సగం నిజం. ముందు మీ 12 పక్షుల్నీ ఒకే గాటన కట్టకండి.

లక్కాలను ఎగరేయొద్దు. మామూలు పావురం తోకలో 12 ఈకలుంటే వీటికి 30 పైచిలుకు ఉంటాయి. కాస్త గాలి వీస్తే ఆ తోకే తెరచాపలా పక్షిని పక్కకు లాక్కుపోతుంది. డేగ దిగితే తప్పుకునే వేగం ఉండదు. షిరాజీ రకమూ అంతే, ఒళ్లు బరువు. జాకోబిన్ రకానికైతే మెడ చుట్టూ ఉన్న ఈకల ముసుగులో పక్కనుంచి వచ్చేది కనబడనే కనబడదు. ఇవి జాలీలో ఉండాల్సిన పక్షులు, అందులో పాపమేమీ లేదు.

మీ హోమర్ల సంగతి అమ్మినాయన చెప్పినట్టే. పెద్ద హోమర్‌కు తాను మొదట ఎగిరిన గూడే ఇల్లు. మీ దగ్గర ఆర్నెల్లు తిన్నా, ఏడాది ఉండి పిల్లల్ని లేపినా, ఈకలు వచ్చాక తలుపు తీస్తే పాత చోటికే పోతుంది. పాత గూడు ఇదే ఊళ్లో ఉంటే అరగంట పని. ఆ నాలుగింటినీ జతలు కట్టి లోపలే ఉంచండి, వాటి పిల్లల్ని ఎగరేయండి. పిల్ల ఏ మేడ మీద నిలబడి మొదట ఆకాశం చూస్తుందో అదే దానికి ఊరు.

పెద్ద గిరేబాజ్‌లు కొన్నిసార్లు కొత్తచోటికి అలవాటు పడతాయి. జత గుడ్ల మీదో, వారం రోజుల పిల్లల మీదో ఉన్నప్పుడు సాయంత్రం జతలో ఒకదాన్నే వదలాలి, రెండోది లోపలే ఉండాలి. అయినా ఇది పందెమే. పోతే బాధపడే పక్షితో ఆడొద్దు.

ఆ 30 రోజుల పిల్లలు రెండూ ఇప్పుడు మీకు బంగారం. ఆరేడు వారాలు దాటితే రెక్క బలిసిపోతుంది. అప్పుడు మొదటిసారి బయటికి తెస్తే బెదిరి ఒక్కసారిగా ఎత్తుకు లేస్తాయి, కిందికి చూస్తే వెయ్యి మేడలు, మీది ఏదో వాటికి తెలియదు. అందుకే రెక్క బలం రాకముందే ఇల్లు చూపించాలి.

ఇవాళ్టి నుంచి దానా వేసే ప్రతిసారీ ముందుగా రేకు డబ్బాలో గింజలు గలగలలాడించండి. ఈల వేసినా సరే, రోజూ ఒకే చప్పుడు కావాలి. ఆ చప్పుడుకు పరిగెత్తుకొచ్చే దాకా (నాలుగైదు రోజులు పడుతుంది) బయటి మాటే వద్దు. తరవాత గూటి ద్వారం బయట, దిగుడు పలక (పక్షులు వచ్చి వాలే పలక) మీద సరిపోయే చిన్న జాలీ పెట్టె బోర్లించండి: 3 అడుగులు, 2 అడుగులు, ఎత్తు అడుగున్నర. రోజూ సాయంత్రం దానాకు గంట ముందు పిల్లల్ని అందులోకి రానివ్వండి. నలువైపులా చూస్తాయి, నీళ్ల ట్యాంకు, సెల్ టవర్, పక్క మేడ గుర్తుపెట్టుకుంటాయి. గంటయ్యాక డబ్బా ఆడించి ద్వారంగుండా లోపలికి పిలిచి మేపండి. ఇలా ఐదు నుంచి ఏడు రోజులు.

ఆ తరవాత ఒకరోజు ఉదయం దానా సగమే వేసి, సూర్యాస్తమయానికి గంటన్నర ముందు ఆ పెట్టె ఎత్తేయండి. చేత్తో పట్టి గాల్లోకి విసరొద్దు, అదిలించొద్దు. వాటంతట అవి నడిచి రావాలి, పలక మీదో కప్పు మీదో తిరగాలి. ఎగరకపోతే ఇంకా మంచిది. ఇరవై నిమిషాలకు డబ్బా ఆడించండి. గాలి జోరుగా ఉన్న రోజు, మబ్బు కమ్మిన రోజు, చుట్టుపక్కల పెళ్లి బాణసంచా ఉన్న రోజు ఈ పని పెట్టుకోవద్దు. దసరా నుంచి దీపావళి దాకా కొత్త పిల్లల్ని తీయకపోవడమే మేలు. బాగా ఎగిరే పెద్ద పక్షులతో కలిపి మొదటిసారే వదలడం ఇంకో తప్పు. వాటి వెంట లేచి, అంతసేపు రెక్క ఆడించలేక ఎవరి మేడ మీదో వాలతాయి.

వారం పదిరోజులకు మేడ చుట్టూ చక్కర్లు మొదలవుతాయి. అప్పటినుంచి ఉదయం దానాకు ముందు వదిలి, దిగాక మేపి తలుపు వేసేయండి. గిరేబాజ్‌కు రోజూ గంటసేపు చాలు.

అసలు కిటుకు ఒక్కటే: ఆకలితో బయటికి, తిండికోసం లోపలికి. కడుపు నిండిన పావురం డబ్బా చప్పుడు లెక్కచేయదు, పోయి మీ పక్కింటి సోలార్ పలక మీదే కూర్చుంటుంది. ఒక్కో పక్షికి రోజుకు 30 గ్రాముల గింజ. అంటే మీ 12కూ 360 గ్రాములు, నెలకు 11 కిలోల లోపు. ఎగిరేవాటికి ఉదయం దిగాక మూడోవంతు, సాయంత్రం మిగతాది. సజ్జలు, జొన్నలు, గోధుమలు సగానికి పైగా, మిగతా పెసలు, శనగలు, కొంచెం కుసుమలు. మొక్కజొన్న చలికాలంలో పెంచండి, ఎండల్లో తగ్గించండి. పదిహేను నిమిషాల్లో తినగా మిగిలింది ఎత్తేయాలి, మేడ మీద ఒక్క గింజా చల్లకూడదు. ఊరపావురాలు చేరేది ఆ చల్లిన గింజలకే.

గోదారిగట్టు (తణుకు)

ఛత్రీ గారూ, మీరు చెప్పింది పట్నం పద్ధతి అండి. మా వైపు పెంకుటిళ్ల చూరు కింద కుండలు పక్కకు వాల్చి కట్టేవారు, మూతి దగ్గర చిన్న కర్ర. తలుపూ లేదు, తాళమూ లేదు. పావురాలు పొద్దున్నే కళ్లాల మీదికి పోయి మేసి వచ్చేవి, ఇంటాయన పిడికెడు నూకలు చల్లితే అదే దానా. రోజంతా తిరిగే పక్షికి ఒళ్లు గట్టిగా ఉంటుంది, మట్టి, గవ్వ అదే వెతుక్కుంటుంది, గ్రిట్ (చిప్పలు, ఇటుక, ఇసుక కలిపిన ముక్కలు) కొనక్కర్లేదు. లోపల పెట్టి మేపే పక్షికి కొవ్వు పడుతుంది, గుడ్డు బయటికి రాక అడ్డం పడుతుంది. ఇల్లు తెలిసిన పక్షిని ఇంత కట్టడి చేయాలంటారా?

చెక్కపని (ఖమ్మం)

కుండల కాలంలో చేలో పడ్డ గింజ ఉత్త గింజ. ఇప్పుడు విత్తనశుద్ధి చేయని విత్తనం దొరకడం కష్టం. జూన్, జూలైలో మొక్కజొన్న, వేరుశనగ వేస్తారు, అక్టోబరు, నవంబరులో శనగ. ఎర్రగానో నీలంగానో రంగు పూసి ఉంటుంది చూడండి, అది పురుగుమందో తెగులు మందో. థైరమ్, ఇమిడాక్లోప్రిడ్ లాంటివి. మందు పట్టిన విత్తనాలు కాసిని తిన్నా చాలు, పక్షి సాయంత్రానికి రెక్కలు వేలాడేసి వణుకుతుంది. అప్పటికి చేసేది పెద్దగా ఉండదు. రైతుతో తగువు అదనం. విత్తిన చేలో పావురాల గుంపు దిగితే ఎవరూరుకుంటారు?

కొవ్వు, గుడ్డు అడ్డం పడటం గురించి గోదారిగట్టు గారు చెప్పింది మాత్రం నిజం. దానికి విరుగుడు గూటికి ఆనించి కట్టే ఎండ జాలీ (పక్షులు ఎండలో తిరిగే చోటు), గ్రిట్. కిలో గ్రిట్‌కు: ఆల్చిప్పల ముక్కలు 500 గ్రాములు, కందిగింజ సైజుకు కొట్టిన ఎర్ర ఇటుక 300, కడిగి ఆరబెట్టిన గరుకు ఇసుక 150, బొగ్గు 30, ఉప్పు 20. ఉప్పు ఇంతకు మించొద్దు. విడిగా చిన్న గిన్నెలో ఎప్పుడూ ఉంచాలి, తడిస్తే పారేయాలి. గుడ్లు పెట్టే ఆడవాటికి ఇది లేకపోతే పెంకు మెత్తబడుతుంది. పెంకు మెత్తబడ్డ గుడ్డే ఎక్కువగా అడ్డం పడేది.

ఇక గూడు. 4×3 అంటే 12 చదరపు అడుగులు, 6 పక్షులకే చాలుతుంది. పక్షికి 2 చదరపు అడుగుల నేల లెక్కన 6×4 వేయండి, ఎత్తు ఆరున్నర, మనిషి నిలబడి ఊడ్చేలా. ముఖం తూర్పుకో ఆగ్నేయానికో ఉంటే పొద్దుటి ఎండ లోపలికి వస్తుంది, మన నైరుతి వాన వెనక గోడకు తగులుతుంది. నేలనుంచి అడుగున్నర ఎత్తులో కాళ్ల మీద నిలబెట్టండి, అడుగున పందికొక్కు గూడు పెట్టదు. కోళ్ల జాలీ తీసేయండి. దాని కంతలోంచి చిన్న ఎలుక, పాము దూరతాయి, పిల్లి గోరు పెట్టి లాగితే తీగ విప్పుకుంటుంది. అరంగుళం కంత ఉన్న వెల్డ్ మెష్ వేయాలి, చెక్కకు మేకులు కాదు, స్క్రూలు, వాషర్లు.

రేకు కప్పు మే నెలలో పొయ్యి. రేకు కింద మూడంగుళాలు వదిలి ప్లైవుడ్ తొడుగు వేసి, ఆ సందులో గాలి ఆడేలా రెండు పక్కలా జాలీ పెట్టండి. పైన తాటాకు పరిస్తే ఇంకా చల్లన. గాలి పైనుంచి పోవాలి కానీ పక్షి కూర్చునే ఎత్తులో ఈదురుగా తగలకూడదు.

జతకు ఒక ఖానా (గుడ్లు పెట్టే అర), అదనంగా ఒకటో రెండో. రెండడుగుల వెడల్పు, అడుగుంబావు లోతు, అంతే ఎత్తు. తక్కువైతే మగవి కొట్టుకుంటాయి, గుడ్లు కిందపడతాయి. కూర్చునే పలకలు కూడా పక్షుల లెక్కకంటే నాలుగైదు ఎక్కువ ఉండాలి.

ద్వారానికి తోపుడు తీగలు పెట్టండి: అల్యూమినియం తీగలు తొమ్మిది పది అంగుళాలవి, రెండంగుళాల ఎడంతో పైనుంచి వేలాడతాయి. అడుగున ఒక అడ్డకర్ర ఉంటుంది, తీగల కొసలు దానికి లోపలివైపు ఆనాలి. పక్షి బయటినుంచి తోసుకుని వస్తుంది, లోపలినుంచి తోయలేదు. కొసలు అడ్డకర్రకు బయటివైపు పడేలా బిగించేవాళ్లను చూశాం, అప్పుడు అన్నీ తోసుకుని బయటికి పోతాయి, లోపలికి ఒక్కటీ రాదు.

మేడమీదిగూడు

అందరికీ థాంక్స్. ఇంకో రెండు అనుమానాలు. హోమర్ల కత్తిరించిన ఈకలు ఎప్పుడు వస్తాయి, పీకేస్తే త్వరగా వస్తాయని ఒకరన్నారు, నిజమేనా? డేగల భయం మా దగ్గర ఎంత?

ఛత్రీ (పాతబస్తీ)

కత్తిరించిన ఈక పెరగదు. ఆ మొదలు రాలితేనే కొత్తది వస్తుంది. రెక్క చివర పెద్ద ఈకలు పది. ఏడాదికోసారి, మన దగ్గర సుమారుగా ఎండలు తగ్గేటప్పటినుంచి, లోపలి ఈకతో మొదలుపెట్టి ఒక్కొక్కటే రాలుస్తుంది. పదీ మారడానికి ఆర్నెల్లు పట్టొచ్చు. చివరి రెండు మూడు ఈకలు రాలినప్పుడు ఎగరలేక అలిసిపోతుంది, అప్పుడు ఎగిరే పక్షుల్ని కూడా ఆపాలి. పీకితే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వచ్చే మాట నిజమే, కానీ కుదురు దెబ్బతింటే వంకర ఈక వస్తుంది, లేదా ఇక రాదు. నెత్తురు కారుతుంది, నొప్పి. మీ హోమర్లు ఎలాగూ లోపల ఉండేవే, తొందరేముంది? తాత్కాలికంగా ఎగరకుండా ఆపాలంటే కత్తెర బదులు ఒక రెక్క ఈకలకు కాగితపు టేపు చుట్టండి. వారానికోసారి రెండో రెక్కకు మార్చాలి, లేకపోతే కీలు బిగుసుకుంటుంది.

డేగల్లో జాలె డేగ ఏడాది పొడుగునా ఉంటుంది, చెట్టు చాటునుంచి దిగుడు పలక మీది పక్షిని ఎత్తుకుపోతుంది. గూటి పక్కన గుబురు చెట్టు ఉంటే ముందు అటు చూడండి. బైరి డేగ అక్టోబరు నుంచి మార్చి దాకా ఎక్కువ. పైనుంచి నిలువునా దూకుతుంది, ఎత్తులో ఎగిరే గిరేబాజ్ గుంపునే పడుతుంది. గద్దలు ఆరోగ్యంగా ఉన్న పావురాన్ని పెద్దగా పట్టలేవు, కానీ తడిసినదాన్నీ కుంటుతున్నదాన్నీ వదలవు. దాడి జరిగితే వారం పది రోజులు తలుపు తీయకండి, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు వేళ మార్చండి. రోజూ ఆరున్నరకే లేచే గుంపును డేగ కూడా ఆరున్నరకే కాచుకుంటుంది. రోజంతా బయట తిరిగే గుంపుకు ఈ ఉపాయమే లేదు, అందుకే పట్నంలో పూర్తిగా వదిలేయడం నాకు ఒప్పుదల కాదు.

డేగకంటే నాకు భయం మాంజా. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది, ఐనా సంక్రాంతికి ఏ కరెంటు తీగ చూసినా అదే వేలాడుతుంటుంది. డిసెంబరు చివరి వారం నుంచి జనవరి నెలాఖరు దాకా గూడు మూయండి. పండగ అయిపోయిన మర్నాడే వదలొద్దు, చెట్లకూ తీగలకూ చిక్కిన దారం అప్పుడే ఎక్కువ. ఆ నెల రోజులూ దానాలో పప్పుగింజలు తగ్గించి జొన్నలు పెంచండి, లేకపోతే కదలిక లేక బరువెక్కుతాయి.

గోదారిగట్టు గారికి ఒక మాట. తిండితోనే పావురాన్ని రెండు చోట్లకు తిప్పొచ్చు, అంత బలం ఉంది దానికి. 1946లో కోరాపుట్‌లో మొదలైన ఒడిశా పోలీసుల పావురాల దళంలో ఒకచోట మేత, ఇంకోచోట బస అలవాటు చేసి, రెండింటి మధ్య చీటీలు మోయించేవారు. మీ కుండల పావురం కూడా ఇల్లన్న ప్రేమతో రాలేదు, నూకలకొచ్చింది.

గోదారిగట్టు (తణుకు)

కుండకు కూడా వచ్చేది కదండీ, అందులో దాని పిల్లలుంటాయి. నూకల మాట ఒప్పుకుంటాను. రంగు విత్తనాల మాట కూడా.

రెక్కవైద్యం (గుంటూరు)

పశువైద్యం వైపునుంచి కొన్ని. రోజంతా వదిలిన పక్షి ఊరపావురాలతో కలిసి ట్యాంకు లీకు నీళ్లు, మురుగు నీళ్లు తాగుతుంది. గొంతులో పసుపుపచ్చగా జున్నులా పేరుకునే జబ్బు అలాగే అంటుకుంటుంది. అది ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి పని. పెద్దవాటిలో బయటపడకుండా ఉండి, తమ గొంతుసంచిలో ఊరే పాలు పట్టేటప్పుడు పిల్లలకు చేరుతుంది, పిల్లలే చస్తాయి. నోరు తెరిచి చూస్తే కనబడుతుంది. గోకి తీయొద్దు, రక్తం కారి ఊపిరాడక పోతుంది. మెట్రోనిడజోల్ రకం మందులు పనిచేస్తాయి, పక్షి బరువును బట్టి మోతాదు డాక్టరుతో రాయించుకోండి. ఒక్కదానికి వస్తే గూడంతటికీ ఇవ్వాలి.

మెడ మెలితిరగడం, నీళ్లలాంటి రెట్ట, గింజను పొడవబోయి గురి తప్పడం కనిపిస్తే అది పారామిక్సో వైరస్. మందు లేదు, వేరుచేసి లోతైన గిన్నెలో గింజలు పోసి బతికించుకోవాలి, కొన్ని వారాల్లో కోలుకునేవి ఉన్నాయి. టీకా ఉంది. కోళ్లకు వేసే లసోటా చుక్కలు చాలామంది వేస్తారు, పావురాల్లో దాని కాపు కొంతకాలమే. చంపిన వైరస్‌తో చేసిన టీకా మెడ వెనక చర్మం కిందికి, ఐదు వారాల వయసు తరవాత, నెల తరవాత ఇంకోసారి, ఆపై ఏటా వేయించడం నయం. మీరు మార్కెట్‌లో కొన్న హోమర్లను తెచ్చిన రోజే గూట్లో కలిపి ఉంటారు. ఇకపై ఏ కొత్త పక్షినైనా మూడు నాలుగు వారాలు వేరే పెట్టెలో, వేరే నీళ్ల గిన్నెతో ఉంచండి.

ఒంటిమీద చప్పటి ఈగలు ఈకల కింద పక్కకు పాకుతుంటే అవి పావురం ఈగలు. ఇవి ఒక రకం రక్త పరాన్నజీవిని మోస్తాయి. స్నానం పెట్టండి: వారానికి రెండుసార్లు, వెడల్పు తొట్టిలో రెండు మూడు అంగుళాల నీళ్లు, ఎండ పొడిచాక. గంట తరవాత పారబోయాలి, లేకపోతే అదే తాగుతాయి.

గూడు ఊడ్చేవాళ్ల గురించి ఎవరూ అనలేదు. పావురం ఈకల మీది తెల్లటి పొడి, ఎండిన రెట్ట దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. ఊడ్చిన సాయంత్రం దగ్గు, ఆయాసం, జ్వరంలా ఉండి మర్నాటికి తగ్గిపోతుంటే తేలిగ్గా తీసుకోవద్దు. ఎన్-95 మాస్కు కట్టుకుని, రెట్ట మీద నీళ్లు పిచికారీ చేసి, పుట్టీ రేకుతో రోజూ గీకి సంచిలో కట్టేయండి. చీపురుతో పొడి ఊడ్పు వద్దు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే వాళ్ల కిటికీ వైపు గూడు పెట్టొద్దు. ముంబైలో 2025లో కబూతర్‌ఖానాలు (జనం పావురాలకు గింజలు వేసే చోట్లు) మూయించేదాకా వచ్చిన గొడవలో ఈ ఊపిరితిత్తుల మాటే ముందు నిలబడింది. మీ పక్కింటివాళ్ల ఫిర్యాదు కూడా రేపు అటే తిరగొచ్చు.

చెక్కపని (ఖమ్మం)

ఇంకొకటి మిగిలిపోయింది. ఐదారు జతలు ఏడాదికి ఆరేసి కాన్పులు, కాన్పుకు రెండు గుడ్లు. లెక్కేసుకోండి, 60 నుంచి 70 పిల్లలు. ఏ గూడూ చాలదు, ఎగరేసినా ఎగరేయకపోయినా. వద్దనుకున్న జతకు రెండో గుడ్డు పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే రెండూ తీసి, అదే సైజు చెక్క గుడ్లో ప్లాస్టిక్ గుడ్లో పెట్టండి. ఊరికే తీసేస్తే పది రోజుల్లో మళ్లీ పెడుతుంది, ఆడదాని ఒంట్లో సున్నం అంతా పోతుంది. దొంగగుడ్ల మీద 18 రోజులు కూర్చుని విసుగొచ్చి అదే లేస్తుంది. లేవకముందు మీరు తీయొద్దు.